మూడేళ్లు వాడిన షేర్డ్ హోస్టింగ్: ప్లాన్ పర్వాలేదు, డొమైన్ మాత్రం వేరే చోట కొనుక్కోండి

నేను పిల్లల కథల సైటు ఒకటి నడుపుతున్నాను. కథలు రాస్తాను, వాటిని చదివి రికార్డు చేసి ఆడియో కూడా పెడతాను, అమ్మకాలు, పేమెంట్ల లాంటివి ఏమీ లేవు. దీనికోసం ఒక షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ని చాలా సైట్లు పంచుకునేది) ప్లాన్, దాంతోపాటు ఉచితంగా వచ్చిన డొమైన్ తీసుకుని ఈ నెలతో మూడేళ్లు నిండాయి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ ప్లాన్ల పేర్లు, లిమిట్లు తరచూ మారిపోతుంటాయి, నేను చెప్పబోయేవి ఎవరి దగ్గర కొన్నా చూసుకోవాల్సినవే. తేల్చి చెప్పాలంటే, హోస్టింగ్‌కి అయిదుకి మూడున్నర ఇస్తాను. అక్కడే డొమైన్ తీసుకోవడానికి మాత్రం రెండు కూడా ఇవ్వను.

కొత్తగా సైటు పెట్టుకునేవాళ్లు చాలామంది డొమైన్, హోస్టింగ్ రెండూ ఒకటే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను, ఎందుకంటే కొనేటప్పుడు రెండూ ఒకే బిల్లులో వచ్చాయి. నిజానికి ఇవి ఫోన్ నంబరూ, చేతిలో ఉన్న ఫోనూ లాంటివి. ఫోన్ పాడైతే ఇంకొకటి కొనుక్కుని అదే నంబర్ వేసుకుంటాం, ఎవరికీ తెలియను కూడా తెలియదు. నంబర్ పోతే మాత్రం తెలిసినవాళ్లందరికీ ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోవాలి. మీ ఫైళ్లు, ఫోటోలు, డేటాబేస్ (రాసినవన్నీ దాచి ఉంచే పట్టికలు) ఉండే సర్వర్ జాగా హోస్టింగ్. జనం బ్రౌజర్‌లో టైప్ చేసే పేరు డొమైన్. ఆ పేరును సర్వర్ ఐపీ అడ్రస్‌తో, అంటే ఇంటర్నెట్‌లో ఆ సర్వర్‌కి ఉండే నంబరుతో కలిపేది డీఎన్ఎస్, 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించిన ఏర్పాటు ఇప్పటికీ అదే పద్ధతిలో నడుస్తోంది. హోస్టింగ్ నచ్చకపోతే వారంలో మార్చేయొచ్చు. డొమైన్ చేజారితే అన్నేళ్లు సంపాదించుకున్న పేరే పోతుంది, సెర్చ్‌లో వచ్చే లింకులు, వేరేవాళ్లు మన సైటుకి ఇచ్చిన లింకులు అన్నీ దాంతోపాటే పోతాయి.

ఇంకో సంగతి, డొమైన్‌ని మనం 'కొనడం' అంటాం గానీ అది శాశ్వతంగా మనదైపోదు. డాట్ కామ్ లాంటివి ఒకసారికి కనీసం ఏడాదికి, గరిష్ఠంగా 10 ఏళ్లకు మన పేరు మీద రిజిస్టర్ చేస్తారు, గడువు దాటకముందే మళ్లీ కట్టుకుంటూ ఉండాలి. డాట్ కామ్ పేర్ల మొత్తం జాబితా వెరిసైన్ అనే సంస్థ దగ్గర ఉంటుంది, దాన్ని రిజిస్ట్రీ అంటారు. మనకు పేరు అమ్మేవాళ్లు రిజిస్ట్రార్లు, వాళ్లకి గుర్తింపు ఇచ్చి నియమాలు పెట్టేది 1998లో ఏర్పడిన ఐకాన్ (ICANN) అనే సంస్థ. మీ పేరు ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉన్నా జాబితా ఒకటే కాబట్టి, ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మార్చుకునే హక్కు మీకుంది. ఇది గుర్తుంటే చాలు, ఎవరైనా 'మా దగ్గరే ఉంచాలి మేడమ్' అని చెప్తే నమ్మక్కర్లేదని తెలుస్తుంది.

ఇక నా కథ. సైటు మొదలుపెట్టిన మొదటి నెలలోనే ఒకరోజు పొద్దున్నే మా అక్క ఫోన్ చేసింది. "ఏమే, నీ సైటు తెరుస్తుంటే ఇంకేదో పేజీ వస్తోందే" అంది. తెరిచి చూస్తే నా కథల బదులు తెల్లటి పేజీ, ఈ డొమైన్ యజమాని ఈమెయిల్ వెరిఫై కాలేదు కాబట్టి ఆపేశాం అని ఇంగ్లీషులో నాలుగు లైన్లు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చాట్‌లో గంటసేపు కూర్చుంటే తేలిందేమిటంటే, డొమైన్ రిజిస్టర్ చేసిన 15 రోజుల్లోపు మన ఈమెయిల్‌కి వచ్చే లింక్ నొక్కి ఖాయం చేయాలట, చేయకపోతే రిజిస్ట్రార్ ఆ పేరును ఆపేయాలట. ఇది ఐకాన్ నియమమే, కంపెనీ సొంతంగా పెట్టింది కాదు, ఆ విషయంలో వాళ్లని తప్పుపట్టను. కానీ ఆ మెయిల్ నా స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంది, వాళ్ల డ్యాష్‌బోర్డ్‌లో మాత్రం దాని గురించి ఒక్క ముక్క లేదు, అదే డ్యాష్‌బోర్డ్‌లో ఇంకా పెద్ద ప్లాన్ కొనమని చెప్పే బ్యానర్లు మూడు ఉన్నాయి. లింక్ నొక్కాక సైటు తిరిగి రావడానికి కొన్ని గంటలు పట్టింది. డొమైన్ కొన్నరోజే స్పామ్ ఫోల్డర్‌తో సహా మెయిల్ మొత్తం వెతికి ఆ లింక్ నొక్కేయండి, మిగతా పనులు తర్వాత.

'ఉచిత డొమైన్' అన్నది మొదటి ఏడాదికే. రెండో ఏడాది నుంచి వాళ్లు చెప్పిన రేటు, అది విడిగా డొమైన్లు అమ్మేచోట ఉన్నదానికంటే బాగా ఎక్కువే ఉంది. పైగా 30 రోజుల్లో నచ్చకపోతే డబ్బు వాపసు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది కదా, ఆ వాపసులోంచి ఈ ఉచిత డొమైన్ ధర తీసేసుకుంటామని నిబంధనల్లో ఇంకెక్కడో ఉంది. నేను వాపసు అడగలేదు గానీ, చదివాక మనసు కష్టపడింది. హోస్టింగ్ రెన్యువల్ కూడా అంతే, మొదటి బిల్లుకి దాదాపు మూడు రెట్లు వచ్చింది. ఇది చాలాచోట్ల ఉన్న పద్ధతే, మోసం అనను, కొనే పేజీలోనే రెన్యువల్ రేటు చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ప్లాన్లను పోల్చేటప్పుడు మొదటి ఏడాది రేటు పక్కన పెట్టేసి ఆ చిన్న అక్షరాల్లో ఉన్న రేటుతోనే పోల్చుకోండి.

బిల్లు కట్టే పేజీలో ముందే టిక్ పెట్టి ఉన్న పెట్టెలు కూడా చూసుకోవాలి. నాకు సెక్యూరిటీ స్కాన్, సెర్చ్ ఇంజన్లలో నమోదు, డబ్బు కట్టి తీసుకునే ఎస్ఎస్ఎల్ ఈ మూడూ కలిపేశారు. అన్నీ తీసేశాను. ఎస్ఎస్ఎల్ అంటే సైటు హెచ్‌టీటీపీఎస్ మీద, అంటే మధ్యలో ఎవరూ చదవలేని పద్ధతిలో నడవడానికి కావాల్సిన సర్టిఫికెట్. అది లేకపోతే క్రోమ్ 2018 జులై నుంచి అడ్రస్ పక్కన సురక్షితం కాదు అని చూపిస్తోంది, కాబట్టి తప్పకుండా ఉండాలి. కానీ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ దాన్ని ఉచితంగానే ఇస్తోంది, నా ప్లాన్‌లో కూడా సీప్యానెల్లోకి (హోస్టింగ్ సెట్టింగులు మార్చుకునే పేజీ) వెళ్లి ఒక్క బటన్ నొక్కితే వచ్చేసింది. 90 రోజుల సర్టిఫికెట్ అది, దానంతటదే రెన్యూ అవుతోంది, మూడేళ్లలో ఒక్కసారి కూడా నేను ముట్టుకోలేదు. ఈ విషయంలో కంపెనీకి పూర్తి మార్కులు.

ఇప్పుడు 'అన్‌లిమిటెడ్' సంగతి. ప్లాన్‌లో స్టోరేజీ అన్‌లిమిటెడ్, బ్యాండ్‌విడ్త్ అన్‌లిమిటెడ్ అని రాసి ఉంది. బ్యాండ్‌విడ్త్ అంటే సైటు నుంచి చూసేవాళ్లకి వెళ్లే డేటా, ఆ లెక్క మామూలు సైట్లకి పెద్ద సమస్యే కాదు, ఒక పేజీ 2 ఎంబీ ఉండి నెలకి 10,000 సార్లు తెరిచినా 20 జీబీ అవుతుంది. అసలు లిమిట్లు వేరే చోట ఉంటాయి. మొదటిది ఐనోడ్లు. అంటే మీ అకౌంట్‌లో ఎన్ని ఫైళ్లు, ఫోల్డర్లు ఉండొచ్చు అన్న లెక్క, అవి ఎంత పెద్దవి అన్నదానితో దీనికి పనిలేదు. వర్డ్‌ప్రెస్ (నా సైటుని నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేస్తేనే వేలల్లో ఫైళ్లు వస్తాయి. ఆ తర్వాత మీరు ఒక పెద్ద ఫోటో అప్‌లోడ్ చేస్తే వర్డ్‌ప్రెస్ దాన్నుంచి చిన్నవీ పెద్దవీ కలిపి ఆరేడు సైజుల ఫైళ్లు తయారు చేస్తుంది. మెయిల్‌బాక్స్‌లో ఉన్న ఒక్కో మెయిల్ కూడా ఒక్కో ఫైలే. నేను ఒక్కో కథకి అయిదారు బొమ్మలు పెడతాను, చూస్తుండగానే రెండో ఏడాదికి లిమిట్‌లో 80 శాతం దాటానని మెయిల్ వచ్చింది, అప్పటికి స్టోరేజీలో వాడింది పట్టుమని 6 జీబీ కూడా లేదు. పాత మెయిళ్లు, వాడని థీమ్‌లు (సైటు రూపం మార్చే ఫైళ్లు), తాత్కాలికంగా దాచిన ఫైళ్లుండే క్యాష్ ఫోల్డర్ తీసేస్తే తగ్గింది.

రెండోది ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల లిమిట్. నా ప్లాన్‌లో అది 20. ఇరవైమంది కంటే ఎక్కువ చూడకూడదని కాదు దీని అర్థం, ఒకే క్షణంలో సర్వర్ తయారు చేసి ఇస్తున్న పేజీలు 20 దాటకూడదని. ఒక్కో పేజీ తొందరగా తయారైతే వందలమంది వచ్చినా చిక్కు ఉండదు. ఒకరోజు సాయంత్రం ఎవరో నా నక్క కథ ఆడియోని ఒక పెద్ద వాట్సాప్ గ్రూపులో పెట్టారు, అందరూ ఒకేసారి నొక్కారు, సైటు బదులు '508 రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్' అని వచ్చింది. మూడేళ్లలో నా సైటుకి ఎక్కువమంది వచ్చిన రోజు అదే, ఆ రోజే చాలామందికి సైటు తెరుచుకోలేదు. సపోర్ట్‌కి రాస్తే పెద్ద ప్లాన్ తీసుకోమన్నారు. రాత్రి కూర్చుని ఉచిత క్యాషింగ్ ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) ఒకటి వేశాను, అంటే ప్రతి ఒక్కరికీ పేజీని కొత్తగా తయారు చేయకుండా ఒకసారి చేసినదాన్నే దాచిపెట్టి అందరికీ ఇస్తుంది. అంతే, మళ్లీ ఆ ఎర్రర్ రాలేదు, తర్వాత అంతకంటే ఎక్కువమంది వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. పెద్ద ప్లాన్, వీపీఎస్ (సర్వర్‌లో మనకంటూ విడిగా ఇచ్చే భాగం) లాంటివి కొనేముందు ఇది చేసి చూడండి. సపోర్ట్‌లో ఆ మాట ముందే చెప్పి ఉండాల్సింది, అర మార్కు అక్కడ తగ్గించాను.

అప్‌టైమ్, అంటే సైటు ఆగకుండా నడిచే సమయం 99.9 శాతం అని రాశారు, దాదాపు నిలబెట్టుకున్నారు. ఆ అంకె వింటే సైటు ఎప్పుడూ ఆగదు అనిపిస్తుంది, కానీ 99.9 అంటే నెలకి 43 నిమిషాల దాకా ఆగినా మాట తప్పినట్టు కాదు. నాకు అంతకు మించి ఆగింది రెండుసార్లే. స్పీడ్ బాగానే ఉంది. సర్వర్ ఏ ప్రాంతంలో కావాలో కొనేటప్పుడే అడుగుతారు, చదివేవాళ్లు ఎక్కువమంది ఎక్కడ ఉంటారో ఆ దగ్గర్లోది ఎంచుకోండి, తర్వాత మార్చడం తలనొప్పి.

బ్యాకప్ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను నిజంగా భయపడింది ఇక్కడే. రెండో ఏడాదిలో ఒక ప్లగిన్ అప్‌డేట్ చేస్తే సైటు మొత్తం తెల్లగా అయిపోయింది. ప్లాన్‌లో 'ఉచిత బ్యాకప్' ఉంది కదా అని ధైర్యంగా సపోర్ట్‌కి టికెట్ (సాయం కోరుతూ రాసేది) పెట్టాను. వాళ్లు తీసే బ్యాకప్ వారానికి ఒకటేనట, తాజాది అయిదు రోజుల క్రితంది, ఈ మధ్యలో పెట్టిన రెండు కథలు అందులో లేవు. పైగా నిబంధనల్లో బ్యాకప్‌కి మేము హామీ ఇవ్వం, మీ బ్యాకప్ మీరే ఉంచుకోవాలి అని స్పష్టంగా ఉంది. అదృష్టం బాగుండి నేను రెండు రోజుల క్రితమే డేటాబేస్ ఒక కాపీ నా కంప్యూటర్‌లోకి దింపుకున్నాను. దాన్ని పీహెచ్‌పీ మై అడ్మిన్ (డేటాబేస్‌ని చూసుకునే సాధనం)లో ఇంపోర్ట్ చేస్తే సైటు వచ్చింది, కానీ కథలన్నీ పిచ్చి గీతల్లా, తల మీద టోపీలు పెట్టుకున్న లాటిన్ అక్షరాల కుప్పలా కనిపించాయి. ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. మూడు వందల కథలు అలా చూసేసరికి ఏడుపొచ్చింది.

కారణం చాలా చిన్నది. యూటీఎఫ్-8 అంటే అక్షరాలను కంప్యూటర్‌లో అంకెలుగా దాచే ఒక పద్ధతి, అందులో 'త' అనే ఒక్క అక్షరాన్ని మూడు బైట్లుగా దాస్తారు. ఇంపోర్ట్ పేజీలో 'ఫైల్ క్యారెక్టర్ సెట్' అని ఒక చోట ఉంటుంది, నేను చూడకుండా అక్కడ యూటీఎఫ్-8 బదులు ఇంకొకటి ఎంచుకున్నాను, దాంతో సర్వర్ ఆ మూడు బైట్లనూ మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలు అనుకుంది. నా దగ్గరున్న ఫైలు మాత్రం చెక్కుచెదరలేదు. పాడైన టేబుల్స్ తీసేసి, యూటీఎఫ్-8 ఎంచుకుని మళ్లీ ఇంపోర్ట్ చేస్తే కథలన్నీ ఉన్నవి ఉన్నట్టు వచ్చేశాయి. ఇది ఇంగ్లీషు సైట్లవాళ్లకి పెద్దగా ఎదురుకాదు, అందుకే సపోర్ట్‌లో ఉన్నవాళ్లకి కూడా వెంటనే తట్టలేదు. తెలుగులో రాసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, పాత ఫైలు ఉన్నంతవరకు కంగారుపడక్కర్లేదు, దాన్ని మాత్రం ఎడిట్ చేసి సేవ్ చేయకండి. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫైళ్లు, డేటాబేస్ రెండూ దింపుకుంటున్నాను, మూడు నెలలకోసారి వాటిని నా కంప్యూటర్‌లో నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూస్తున్నాను.

డొమైన్‌ని అక్కడ్నుంచి ఎందుకు తీసేశానో చెప్తాను. నా స్నేహితురాలు ఒకావిడ ఇలాగే హోస్టింగ్‌తో కలిపి డొమైన్ తీసుకుంది. ఆటో రెన్యువల్ పెట్టుకుంది కానీ కార్డు గడువు అయిపోయింది. నిజానికి రిజిస్ట్రార్ సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, గడువు దాటాక అయిదు రోజుల్లోపు ఇంకోసారి గుర్తు చేయాలి. వాళ్లూ పంపారు. ఆ మెయిళ్లు వెళ్లింది మాత్రం అదే డొమైన్ మీద ఉన్న తన మెయిల్‌బాక్స్‌కి, అది నిండిపోయి కొత్త మెయిళ్లు తీసుకోవడం ఎప్పుడో మానేసింది. గడువు దాటాక సైటుతోపాటు ఆ మెయిల్ కూడా ఆగిపోయింది. డాట్ కామ్ లాంటి వాటికి గడువు దాటాక రిజిస్ట్రార్‌ని బట్టి 45 రోజుల వరకు మామూలుగా కట్టుకునే వీలు ఉండొచ్చు, ఈ రోజుల సంఖ్య మీద ఆశ పెట్టుకోకండి, తక్కువ కూడా ఇవ్వొచ్చు. ఆ తర్వాత డొమైన్ తొలగింపుకి వెళ్తే 30 రోజుల రిడెంప్షన్ గడువు, అప్పుడు వెనక్కి తీసుకోవాలంటే రెన్యువల్‌కి తోడు పెద్ద ఫీజు కట్టాలి. అదీ దాటితే 5 రోజులు ఎవరూ ఏమీ చేయలేరు, ఆ తర్వాత పేరు బయటికి వచ్చేస్తుంది, ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లది. ఆవిడ రిడెంప్షన్‌లో ఉండగా తెలుసుకుని ఆ ఫీజు కట్టి దక్కించుకుంది. నేను ఆ వారమే నా అకౌంట్ తెరిచి చూస్తే నా రిజిస్ట్రేషన్ మెయిల్ కూడా నా డొమైన్ మీదదే. వెంటనే ఆ మెయిల్ మార్చేశాను, ఆ తర్వాత డొమైన్‌ని కూడా వేరే చోటికి మార్చుకున్నాను.

డొమైన్‌ని వేరే రిజిస్ట్రార్ దగ్గరికి మార్చడం అనుకున్నంత కష్టం కాదు. డొమైన్ పేజీలో ట్రాన్స్‌ఫర్ లాక్ తీసేయాలి, ఆథ్ కోడ్ (బదిలీకి పాస్‌వర్డ్ లాంటిది) అడగాలి, దాన్ని కొత్త రిజిస్ట్రార్ దగ్గర ఇవ్వాలి. రిజిస్టర్ చేసి లేదా ఇంతకుముందు బదిలీ అయి 60 రోజులు దాటి ఉండాలి. పాతవాళ్లు కోడ్ ఇవ్వడానికి టికెట్ పెట్టమన్నారు, టికెట్ పెడితే డిస్కౌంట్ ఇస్తాం ఉండిపోండి అన్నారు, మళ్లీ అడిగితే నాలుగో రోజుకి ఇచ్చారు. ఆ తర్వాత ఇంకో అయిదు రోజులు పట్టింది. కట్టిన డబ్బు వృథా పోదు, బదిలీతో ఇంకో ఏడాది గడువు కలుస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు చేశాను, మీరు చేయకండి. బదిలీతోపాటు నేమ్‌సర్వర్లు (డొమైన్ డీఎన్ఎస్ రికార్డులు ఉండే సర్వర్లు) కూడా కొత్తచోటివి పెట్టాను. నేమ్‌సర్వర్ మారిస్తే పాతచోట ఉన్న డీఎన్ఎస్ రికార్డులు వెంట రావు. సైటు ఏ ఐపీలో ఉందో చెప్పే ఎ రికార్డు రాశాను, మెయిల్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు రాయడం మర్చిపోయాను, రెండు రోజులు నాకు ఒక్క మెయిల్ రాలేదు, ఎవరూ రాయలేదేమో అనుకున్నాను. మార్చే ముందు పాత రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, టీఎక్స్‌టీ రికార్డులతో సహా, మీరు పంపే మెయిల్ స్పామ్‌లో పడకుండా చూసే ఎస్పీఎఫ్, డీకిమ్ వాటిలోనే ఉంటాయి. ఇంకొకటి, ప్రతి రికార్డుకి టీటీఎల్ అని సెకన్లలో ఒక అంకె ఉంటుంది, మిగతా సర్వర్లు పాత రికార్డునే ఎంతసేపు గుర్తుపెట్టుకుంటాయో అది చెప్తుంది. నాకు 14400 ఉంది, అంటే మార్చిన సంగతి కొందరికి నాలుగు గంటల దాకా తెలియకపోవచ్చు. ఐపీ మార్చబోయే ముందురోజే దాన్ని 300కి తగ్గిస్తే అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది.

సపోర్ట్ మనుషులు మర్యాదగా మాట్లాడతారు, చాట్‌లో అయిదు పది నిమిషాల్లో ఎవరో ఒకరు వస్తారు, రాత్రిపూట కూడా. సర్వర్‌కి సంబంధించిన పని అయితే చక్కగా చేసిపెట్టారు, పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ నడిచే ప్రోగ్రామింగ్ భాష) వెర్షన్ మార్చాల్సి వచ్చినప్పుడు ఏ ప్లగిన్ పాతబడిందో కూడా వెతికి చెప్పారు. బిల్లింగ్, డొమైన్ విషయాలకి వచ్చేసరికే రాసిపెట్టిన జవాబులు అతికిస్తారు.

బ్లాగు, చిన్న వ్యాపారం సైటు, కథలూ పాటలూ పెట్టుకునే సైటు అయితే ఇలాంటి షేర్డ్ ప్లాన్ సరిపోతుంది, మొదటి రోజే వీపీఎస్ జోలికి వెళ్లకండి, అక్కడ సర్వర్ అప్‌డేట్లు, సెక్యూరిటీ మీరే చూసుకోవాల్సి రావొచ్చు. మీది డబ్బు లావాదేవీలు నడిచే సైటు అయితే ఈ ప్లాన్ తీసుకోమని చెప్పను, వారానికి ఒక బ్యాకప్‌తో ఆర్డర్లు పోతే తట్టుకోలేరు. వెబ్ డిజైనర్‌తో చేయించుకుంటున్నట్టయితే డొమైన్ వాళ్ల పేరు మీద కాకుండా మీ పేరు మీద, మీ మెయిల్‌తో రిజిస్టర్ అయిందో లేదో డబ్బు ఇచ్చేముందే చూసుకోండి.

నేను హోస్టింగ్ ఇంకో ఏడాదికి ఇక్కడే కట్టాను. డొమైన్ వేరే చోట అయిదేళ్లకి కట్టేసి, రెండు దశల లాగిన్ పెట్టి, గడువు తేదీ క్యాలెండర్‌లో రెండు నెలల ముందుకి రాసుకున్నాను. నక్క కథ ఆడియో ఇప్పటికీ అదే లింకులో ఉంది.